మాట వెళ్ళని వైరు

ఆ మధ్యాహ్నం బాపట్లలో, స్నేహితుడి కొడుకు షఫీ గదిలో, తన నోటి నుంచి వెలువడిన ఒకే ఒక్క మాట అలవాటు కొద్దీ జారిందో, తెలిసి అన్నదో జమలయ్య మాస్టారు చర్చించరు. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్నదీ చర్చించరు. తెనాలిలో స్థిరపడకముందు ఉద్యోగ జీవితమంతా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించిన మనిషి ఆయన. కొలతకు అందని దాని మీద అభిప్రాయం ప్రకటించడం ఆయన పద్ధతి కాదు. కాబట్టి ఆ రెండు విషయాలూ పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పుకోవలసిందే.

మాస్టారిది ఒంటరి జీవితం. ఆయనకంటూ ఉన్న స్నేహితుడు ఒక్కడే, రేపల్లెలో మైకుసెట్టు అద్దెకిచ్చే మస్తాన్ వలి. ఇద్దరూ పడుచువాళ్ళుగా ఉన్న రోజుల్లో, పెనుమూడి వైపు ఊళ్ళలో వేసవి వచ్చిందంటే పద్యనాటకాలు పడేవి. కాలేజీకి సెలవులివ్వగానే మాస్టారు రేపల్లె బండెక్కేవారు. మస్తాన్ వలి స్టేజి మీద మైకు దగ్గర నిలబడేవాడు. మాస్టారు వైరు చుట్ట భుజాన వేసుకుని, చేలగట్ల మీదుగా నడిచి, ఊరవతల తాటిచెట్టుకు కట్టిన బూర కింద నిలబడేవారు. ఒకరికొకరు కనిపించేవారు కాదు. కాసేపటికి బూరలోంచి మస్తాన్ గొంతు వచ్చేది.

"హలో... మాస్టారూ... లైనొస్తోందా?"

మాస్టారు చీకట్లోకి గొంతెత్తి, "వస్తోంది!" అనేవారు.

అది చెవిన పడగానే మస్తాన్ వేలితో మైకు మీద రెండుసార్లు తట్టేవాడు. టక్... టక్. అంటే సరే, ఇక వచ్చెయ్యండి అని అర్థం.

క్లాసులో కూడా గొంతు పెంచని మనిషి జీవితంలో గొంతెత్తి పలికిన మాట బహుశా అదొక్కటే. ఏళ్ళ తరబడి పలికారు. దానికి ఆలోచన అక్కర్లేదు. పొలమారితే దగ్గు వచ్చినట్టు, ఆ పిలుపు వినబడితే ఆ మాట దానంతట అదే వచ్చేది.

మస్తాన్ వలి నిరుడు వానాకాలంలో పోయాడు. నిద్రలోనే పోయాడు. మాస్టారు రేపల్లె వెళ్ళి, అందరితోపాటు పిడికెడు మట్టి వేసి, సాయంత్రం బండికి తెనాలి తిరిగి వచ్చేశారు. ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు ఎదురు చూశారు. రాలేదు. ఆ తర్వాత ఆయనకు కూరల్లో ఉప్పు తక్కువైందో ఎక్కువైందో తెలియడం మానేసింది. అంతకు మించి మార్పేమీ లేదు.

మళ్ళీ వానలు మొదలయ్యాక ఒకనాడు మస్తాన్ కొడుకు షఫీ ఫోన్ చేశాడు. బాపట్లలో చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నాడు. చర్చి పాటలకీ, జానపదాలకీ, పెళ్ళి వీడియోలకీ సంగీతం కడతాడు.

"మాస్టారూ, నమస్కారమండి. షఫీనండి."

"చెప్పు."

"నా ప్యాడు కనెక్టవట్లేదండి. లైట్లు వెలుగుతున్నాయి. ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తుపట్టట్లేదు."

"వైరు మార్చి చూశావా?"

"చూశానండి. అంతే. మీరొక్కసారి రాగలరా మాస్టారూ? ఇది ఫాల్టేనని మీ నోటితో చెబితే నాకు చాలండి."

"ఫాల్టు కాకపోతే ఇంకేముంటుంది?"



మర్నాడు మాస్టారు మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, రెండు మంచి వైర్లు సంచిలో వేసుకుని పాసింజరు ఎక్కారు. అప్పికట్ల దాటాక సన్నగా తుంపర మొదలైంది. కిటికీ మూయాలని ఆయనకు తోచలేదు. బాపట్లలో దిగేసరికి కుడి భుజం తడిసి ఉంది. చలి మాత్రం తెలియలేదు.

షఫీ గది స్టేషను వెనక సందులో, మూతపడిన బట్టల గోడౌను మీద. మెట్లెక్కి తలుపు తీస్తే పట్టపగలు కూడా లోపల చీకటే. కిటికీ ఉన్న చోట చెక్క కొట్టేశారు. బయటి చప్పుడు రాకుండా గోడలన్నిటికీ స్పాంజి అంటించి, దాని మీద పాత బొంతలు వేలాడదీశారు. తలుపు మూయగానే చెవుల్లో దూది కుక్కినట్టయింది. తన చెప్పుల చప్పుడు తనకే వినబడలేదు. చెమ్మ పట్టిన స్పాంజి వాసన, ఆరిపోయిన దోమల చుట్ట వాసన... వాటి అడుగున ఇంకొకటి. తీగలు అతికించడానికి అప్పుడే కరిగించిన సోల్డరు వాసన. మస్తాన్ వలి చొక్కాలకు ఎప్పుడూ ఉండే వాసన.

"సోల్డరింగ్ చేస్తున్నావా?"

"లేదండి. నా దగ్గర ఆ సామానే లేదు."

షఫీ సగమైపోయాడు. కళ్ళ కింద నల్లబారింది. కొడుకు తిండి మానేశాడని తెలిసి రేపల్లె నుంచి వచ్చి ఉంటున్న తల్లి మహబూబ్ బీ స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది.

"బాగున్నావా అన్నయ్యా?"

"ఆ."

"అంతేనా! మాస్టారి దగ్గర మాట పుట్టాలంటే ముందు చలానా కట్టాలని మీ స్నేహితుడు ఊరికే అనేవాడా?" అని నవ్వబోయి, నవ్వు మధ్యలోనే ఆపేసింది. "వీడు చెప్పడు గానీ నేను చెప్తా అన్నయ్యా. చెవులకి పెట్టుకునే ఆ డబ్బాలో వీళ్ళ నాన్న గొంతు వస్తోందంట."

"అమ్మా, నువ్వుండు."

"ఎందుకుండాలి? మా అత్త ఎప్పుడూ చెప్పేది. మనిషి కనపడకుండా వచ్చే పిలుపుకి పలక్కూడదు. ఒకసారి పలికితే ఆ పిలుపు మన వెంట పడుద్ది. మూడోసారి పలికితే మనం దాని వెంట పోతాం. వీడికి వెయ్యిసార్లు చెప్పా, చచ్చినా పలకొద్దని. నువ్వు కూడా చెప్పన్నయ్యా, నీ మాటంటే వీడికి భయం."

షఫీ నేల వైపు చూస్తున్నాడు. మాస్టారు అది గమనించారు. భోజనం వండుతానని మహబూబ్ బీ కింద గోడౌను వెనకున్న తమ వాటాకి వెళ్ళింది.

మాస్టారు పని మొదలుపెట్టారు.

ప్యాడంటే పెద్ద వస్తువేమీ కాదు. పలక అంత వెడల్పున్న నల్ల పెట్టె. దాని మీద రబ్బరు గళ్ళు. ఒక్కో గడికి ఒక్కో శబ్దం అప్పగించి వేలితో కొడితే ఆ శబ్దం మోగుతుంది. కానీ శబ్దం ఆ పెట్టెలో ఉండదు. ఏ గడిని ఎంత గట్టిగా కొట్టారో అన్న కబురు మాత్రం వైరులోంచి ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. ల్యాప్‌టాప్ తన దగ్గరున్న శబ్దాన్ని సౌండ్‌కార్డు డబ్బాకి పంపితే, అక్కడి నుంచి అది హెడ్‌ఫోన్‌కి చేరుతుంది. ఆ పెట్టెకి సొంత గొంతు లేదు.

ఆయన ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా వచ్చారు. పోర్టు మార్చారు. మధ్యలో ఉన్న హబ్బు తీసేసి నేరుగా పెట్టారు. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగించారు. శబ్దం ఏ డబ్బాకి వెళ్ళాలని ఉందో చూశారు. హెడ్‌ఫోన్ జాక్ సగమే దిగి ఉంటే చివరిదాకా నొక్కారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్యాడు దీపాలు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ పెట్టె ఈ లోకంలో లేనట్టే ఉంది.

చివరికి వైరు ఊడదీసి, తీగ ఉంటే కీచుమనేలా మల్టీమీటరు పెట్టారు. వైరులో నాలుగు తీగలుండాలి. ఒక చివర తీగ తగిలి మీటరు కీచుమంది. ఇంకో చివరదీ కీచుమంది. మధ్యవి రెండూ మౌనం.

"రెండో వైరు ఇయ్యి."

అదీ అంతే.

"ఈ రెండూ ఎక్కడివి?"

"ఫోన్ చార్జర్లతో వచ్చినవేనండి. అసలు వైరు ఎలకలు కొరికాయి."

"ఇది చార్జింగ్ వైరు. కరెంటు ఒక్కటే వెళ్తుంది, అందుకే దీపాలు వెలుగుతున్నాయి. కబురు మోసే తీగలు దీంట్లో లేవు. అడ్డమైన చార్జరు వైర్లూ పెట్టి, పెట్టె పాడైందని ఊరంతా చెప్పావు. మీ నాన్న ఉంటే చెవి మెలేసేవాడు."

మాస్టారు కత్తెరతో వైరును మధ్యకు కోశారు. లోపల ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. ఇంకేమీ లేవు. ఆ కొస షఫీ కళ్ళ ముందు పెట్టారు.

"చూడు. దీంట్లో మాట వెళ్ళదు."

షఫీ ఆ రెండు తీగల వంక చాలాసేపు చూశాడు. ముందు వాడి ముఖంలో ఏదో వదులైంది. అంతలోనే మళ్ళీ బిగిసింది.

"మరి మాట ఎలా వచ్చింది మాస్టారూ?"

"ఏ మాట?"

"నాన్న పాత క్యాసెట్టు ఒకటి దొరికితే, మైకు టెస్టింగ్ ముక్క కోసి ఈ మూల గడికి పెట్టుకున్నానండి. ఊరికే, వినాలనిపిస్తే నొక్కుకుందామని. అది మొదలు ఆ గడి దానంతట అదే మోగేది. భయమేసి ఆ ముక్క చెరిపేశాను. ఆ తర్వాతే ఎలకలు వైరు కొరికింది. ఈ వైరు పెట్టాక కూడా..." గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం పూట వస్తుందండి. హలో అంటాడు. మిమ్మల్ని పిలిచినట్టే పిలుస్తాడు."

"నువ్వు పలికావా?"

షఫీ తలుపు వైపు చూశాడు, తల్లి మెట్ల మీద లేదు కదా అన్నట్టు.

"రెండుసార్లండి," అన్నాడు గుసగుసగా. "మొదటిసారి ఉలిక్కిపడి పలికాను. రెండోసారి... ఉండబట్టలేక. అమ్మకి చెప్పకండి."

మాస్టారు సంచిలోంచి తన వైరు తీసి పెట్టారు. ల్యాప్‌టాప్ వెంటనే కిణుక్కుమంది. గళ్ళన్నీ ఒక్కసారి నీలంగా వెలిగాయి. షఫీ చేత కొట్టించారు. తప్పెట, డోలు, తాళం... అన్నీ మోగాయి. "మూల గడి కొట్టు," అన్నారు. కొట్టాడు. నిశ్శబ్దం. చెరిపేసిన గడి చెరిపేసినట్టే ఉంది.

"చూశావుగా. ఫాల్టే."

"ఫాల్టేనండి," అన్నాడు షఫీ. ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి చేశాడు. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

మాస్టారు పద్ధతి ప్రకారం, పని ముగిశాక అన్నీ ఊడదీసి మొదటి నుంచి మళ్ళీ పెట్టి చూడాలి. ఆయన ప్యాడు వైరు లాగేశారు. నీలం దీపాలు ఆరిపోయాయి. సౌండ్‌కార్డు వైరు లాగేశారు. ల్యాప్‌టాప్ మూసేశారు. గోడ దగ్గర స్విచ్చి ఆపేశారు. హెడ్‌ఫోన్ జాక్ బయటికి తీసి, కొస మీద మట్టి ఏమైనా ఉందేమోనని తుడవబోయారు.

గదిలో ఇప్పుడు బల్బు ఒక్కటే వెలుగుతోంది.

సోల్డరు వాసన చిక్కబడింది.

షఫీ మెడలోని హెడ్‌ఫోన్లో గర్రుమని చిన్న చప్పుడు... మైకు మీద గాలి తగిలినట్టు.

మాస్టారు తన చేతిలోకి చూసుకున్నారు. జాక్ ఆయన వేళ్ళ మధ్యే ఉంది. దేనికీ తగిలించి లేదు. దాని బంగారు రంగు కొస బల్బు కింద మెరుస్తోంది.

"హలో..."

షఫీ కళ్ళు పెద్దవయ్యాయి.

"హలో... మాస్టారూ..."

మస్తాన్ గొంతే. క్యాసెట్టు గరగర లేదు. చేల మీదుగా వచ్చిన గొంతులా, కొంచెం తడిగా, కొంచెం దూరంగా ఉంది. మాస్టారి వేళ్ళలో ఇనుము అంత చల్లదనం పాకింది. మణికట్టు దాకా... మోచేతి దాకా. చెయ్యి వదలాలనుకున్నారు. చెయ్యి ఎక్కడుందో తెలియలేదు.

"లైనొస్తోందా?"

షఫీ పెదవులు విడివడ్డాయి. వాడు ఈ గదిలో లేడు. వాడి ముఖంలో భయం కూడా లేదు. తప్పిపోయి దొరికిన పసివాడి ముఖంలా ఉంది. నాలిక కదిలింది. మాట గొంతు దాకా వచ్చింది...

"వస్తోంది!"

ఆ కేక బొంతలకు తగిలి చచ్చిపోయింది. ఒక క్షణం, ఎవరు అన్నారో ఇద్దరికీ తెలియలేదు.

అన్నది మాస్టారు.

మాస్టారు ఎదురు చూశారు. రెండు తట్లు రావాలి. ఎప్పుడూ వచ్చేవి. టక్, టక్ అని రావాలి.

రాలేదు.

షఫీ బల్ల మీద తల వాల్చి, చూస్తుండగానే నిద్రలోకి జారుకున్నాడు. మహబూబ్ బీ అన్నం కలిపి లేపితే లేచి, ఆవురావురుమని తిన్నాడు. కొడుకు తినడం చూసి ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏం చేశావన్నయ్యా?"

"వైరు మార్చాను," అన్నారు మాస్టారు.

సాయంత్రం బండికి ఆయన తెనాలి చేరారు. కుడి చేతి వేళ్ళకు స్పర్శ రాలేదు. తాళం తీయడానికి ఎడమ చెయ్యి వాడారు.

మర్నాడు మధ్యాహ్నం భోంచేసి పడక కుర్చీలో నడుం వాల్చారు. కునుకు పట్టింది. కలేమీ రాలేదు. లేచేసరికి పక్కింటి జయలక్ష్మి గుమ్మంలో కూర గిన్నెతో నిలబడి ఉంది.

"ఎవరొస్తున్నారు మాస్టారూ?"

"ఎవరూ రావడం లేదే."

"మరి వస్తోంది, వస్తోంది అని అంత గట్టిగా అరిచారు! మా ఇంట్లో పిల్లలు జడుసుకున్నారండి. మీకు అంత గొంతుందని నాకిన్నాళ్ళూ తెలియనే తెలియదు." నవ్వుతూ గిన్నె బల్ల మీద పెట్టింది. "బీరకాయ కూర. చల్లారకముందే తినండి."

ఆమె వెళ్ళాక మాస్టారు చాలాసేపు ఆ గిన్నె వంక చూస్తూ కూర్చున్నారు. మహబూబ్ బీ అత్తగారి లెక్క మీద ఆయనకు నమ్మకం ఉందా అంటే, అది చర్చించరు. కానీ ఆ రోజు నుంచి నిద్రపోయే ముందు తువ్వాలు మడిచి నోటికి అడ్డంగా చుట్టి, తల వెనక గట్టిగా రెండు ముడులు వెయ్యడం మొదలుపెట్టారు. రాత్రే కాదు, పగటి కునుక్కి కూడా. వేళ్ళకు స్పర్శ లేదు గనక ముడి పడిందో లేదో అద్దంలో చూసుకునేవారు. ఫోన్ మోగితే మోగనిచ్చేవారు. వాకిట్లో ఎవరైనా పిలిస్తే పలక్కుండా లేచి వెళ్ళి తలుపు తీసి, ఎదుట మనిషి ఉన్నాడని కళ్ళతో చూశాకే నోరు విప్పేవారు. భయపడుతున్నానని ఆయనకు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. తలుపు గడియ వేసుకున్నట్టు నోరు కట్టుకున్నారు, అంతే.

అటకమీద ఆయన పాత బూర ఒకటి ఉంది. దాన్ని గోనెలో చుట్టి పాతసామాను వాడికి ఇచ్చేశారు. దానికి వైరు తీసేసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. అయినా ఇచ్చేశారు.

వానలు వెనకపట్టాయి. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి, తలుపు కింద నుంచి పోస్టుమాన్ తోసిన కవరు కనిపించింది. షఫీ దస్తూరీ. మాస్టారు తువ్వాలు విప్పకుండానే కూర్చుని, ఎడమ చేత్తో కవరు చించారు.

"మాస్టారు గారికి నమస్కరించి షఫీ వ్రాయునది. ఫోన్ ఎన్నిసార్లు చేసినా మీరు ఎత్తట్లేదు. అందుకే ఉత్తరం. ఇక్కడ మేం బాగున్నామండి. ప్యాడు చక్కగా పనిచేస్తోంది. ఒళ్ళు చేశానని అమ్మ మురిసిపోతోంది. నాన్న పిలుపు మళ్ళీ రాలేదు. మీ పేరు చెప్పుకుని అమ్మ దువా చేయని రోజు లేదు.

ఒక్క సంగతి మాత్రం అడగాలండి. మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం నా హెడ్‌ఫోన్లో మీ గొంతు వినిపించింది. వస్తోంది అన్నారు. ఊరవతల నుంచి గొంతెత్తి అన్నట్టుగా ఉంది. ఆ రోజు గదిలో అరిచిన కేక నా చెవిలో ఉండిపోయిందనుకున్నాను. అమ్మకు చెప్పలేదు.

ఈ మధ్యాహ్నం మళ్ళీ వినిపించిందండి. వస్తోంది అన్నారు. ఈసారి దగ్గర నుంచి. ఆ వెనకే మైకు మీద ఎవరో వేలితో తట్టినట్టు, టక్ టక్ అని రెండు దెబ్బలు. దానికి అర్థం ఏంటో మీకు తెలిసి ఉంటుంది. మాస్టారూ, మీరు బాగానే ఉన్నారు కదా? ఒక్క ముక్క రాయండి చాలు."

తేదీ చూశారు. నిన్నటిది.

నిన్న మధ్యాహ్నం ఆయన ఇదే కుర్చీలో పడుకున్నారు. అద్దంలో చూసుకుని మరీ ముడి వేశారు. లేచాకే విప్పారు. షఫీ గదిలో పలికింది ఒకటి, ఆ మర్నాటిది రెండు, నిన్నటిది మూడు.

మాస్టారు ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు. చెయ్యి తల వెనక్కి పోనిచ్చి, ఈ పూట వేసిన ముడిని ఎడమ చేతి వేళ్ళతో తడిమి చూసుకున్నారు. రెండు ముడులూ వేసినవి వేసినట్టే, బిగువుగా ఉన్నాయి. తువ్వాలు మాత్రం లోపలి వైపు, పెదవులకు ఆనుకున్న చోట, ఇప్పుడే ఎవరో గట్టిగా మాట్లాడినట్టు వెచ్చగా, తడిగా ఉంది.

ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు.